ఇసుకలో తీసిన కొలత

మా ముత్తాత రామభద్రరావు గారు మూడు ఊళ్ళ శిస్తు అనుభవించే మొఖాసాదారు. పాలకొండ దారిలో ఆయన పల్లకి వస్తుంటే ఎడ్లబళ్ళు పక్కకు దిగి ఆగేవని మా మేనత్త చెప్పేది. మా తాత లక్ష్మీనరసింహారావు గారి కాలానికి ఊళ్ళు పోయాయి గాని అడవి మిగిలింది. సీతంపేట కొండల్లో టేకు కూపులు, అంటే నరకడానికి హద్దులు వేసిన అడవి ముక్కలు, వేలానికి వస్తే, ఆయన వచ్చి కుర్చీలో కూర్చునేదాకా పాట మొదలుపెట్టేవారు కాదు. మా నాన్న రాజశేఖరరావు గారికి అడవి కూడా లేదు. రాజాంలో రంపం మిల్లు ఒకటి ఉండేది, పద్దెనిమిదిమంది పనివాళ్ళతో. నా చేతికి వచ్చేసరికి ఆ మిల్లు రేకుల షెడ్డయింది. ఒక రంపం మోటారు, ఒక చిత్రిక యంత్రం, అడిగినవాళ్ళకు తలుపులూ మంచాలూ బల్లలూ చేసి ఇచ్చే పని. సిగ్గుపడి చెప్పడం లేదు. ఎవరు ఎవరో ముందు చెప్పుకోవడం మా ఇంటి పద్ధతి. మా వాళ్ళెవరూ వెనక్కి ఆనుకుని కూర్చోగా నేను చూడలేదు. మా నాన్న పోయే ముందురోజు కూడా మంచం మీద నిటారుగా కూర్చునే కాఫీ తాగారు.

పోయిన నెల కళింగపట్నం వైపు ఒక పెళ్ళికి వెళ్ళి వస్తుంటే, కొబ్బరిబొండాల కోసం డ్రైవరు కారు ఆపాడు. దిగబోతూ చూశాను, అది నాకు తెలిసిన షావుకారు తోట. కంచె అవతల, సముద్రానికి ఎదురుగా, టేకు బల్ల ఒకటి ఉంది. ఎవరో ఆడమనిషి దాని మీద చెప్పులు విప్పేసి, ఒక కాలు మడిచి, వెనక్కి వాలి, ఫోనులో ఎవరినో తీరిగ్గా తిడుతోంది. ఆమె వీపు ఆనిన వాలు, మోకాలి కింద వంపు, చేయి జారవిడిచిన పక్క, అవన్నీ నాకు తెలుసు. అవి ఒక మనిషి ఒంటివి. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

"పక్కన ఇంకోటి కాళీగానే ఉన్నాది బాబూ. ఎల్లి కూకోండి, ఏటీ అనరు" అన్నాడు డ్రైవరు.

నేను దిగాను గాని కూర్చోలేదు. కంచె వెంట అటూ ఇటూ నడిచాను. బొండంలో నీళ్ళు సగం తాగి, మిగతాది పారబోశాను. ఇల్లు చేరాక కూడా కాలు నిలవలేదు. ఇది కూడా కిటికీ దగ్గర గూట్లో కాగితాలు పెట్టుకుని, నిలబడే రాస్తున్నాను. నాలుగు వాక్యాలు రాసి గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాను.

ఆ పోయిన మనిషిని అందరం మేస్త్రీ అనేవాళ్ళం. పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. బతికున్నన్నాళ్ళూ పేరు పెట్టి పిలవనివాణ్ణి ఇప్పుడు కాగితం మీద పిలిస్తే బాగుండదు. నువ్వు అనే అనేవాణ్ణి కూడా. రాయబోతే మాత్రం చెయ్యి ఆయన అనే రాస్తోంది.

సొంతూరు నౌపడ. ఉప్పుమళ్ళ పక్కన పుట్టాడు. అక్కడి గాలికి ఇనుము నిలవదు. ఉప్పు లాగే పలకలు, నీళ్ళు వదిలే తూము తలుపులు, అన్నీ కర్రతో చేసి, కర్రచీలలతోనే బిగించాలి. ఆ పని తండ్రి దగ్గర నేర్చుకుని, పెళ్ళయ్యాక రాజాం వచ్చి మా నాన్న మిల్లులో చేరాడు. వచ్చిన మొదటి రోజున మా నాన్న మేకుల డబ్బా చేతికిస్తే, ఎలక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళ్ళి, మూల పెట్టి వచ్చాడట. ఆ డబ్బా ఎన్నో ఏళ్ళు అక్కడే ఉంది. తుమ్మ చేవను చెక్కి చీలలు చేసుకునేవాడు. అవి చూపుడువేలంత పొడుగు. నాలుగు పలకలుగా ఉండి కొసకు సన్నబడేవి. బెజ్జంలో పెట్టి కొయ్యసుత్తితో మూడు దెబ్బలు వేసేవాడు. నాలుగో దెబ్బ పడగా నేను వినలేదు.

కొత్త కర్ర వస్తే నాలుకతో చూసేవాడు. పలక కొస మీద నాలుక ఆనించి, కళ్ళు చికిలించి, ఉమ్మేసి, ఆ కర్ర ఓ ఆడపిల్లయినట్టు చెప్పేవాడు.

"ఇది మంచి గుంట. ఉప్పు తగల్లేదు."

"రాజాంలో ఉప్పెక్కడిది మేస్త్రీ?"

"లారీ యే దారంట వచ్చిందో మీకు తెల్సా, నాకు తెల్సా?"

ఒకచోట నిలిచే మనిషి కాదు. చిత్రిక పడుతూ మధ్యలో వదిలేసి, రోడ్డు దాకా వెళ్ళి ఎవరిదో సైకిలు చూసి వచ్చేవాడు. అన్నం గిన్నె ఎడమచేతిలో పెట్టుకుని, చేస్తున్న మంచం చుట్టూ తిరుగుతూ తినేవాడు. కూర్చుని తినరాదా అంటే, "కర్రకి నిలకడుండాల. మనిసికి ఎందుకు బాబూ?" అనేవాడు. ఆయన తిరుగుతుంటే నాకు తల తిరిగేది. ఇప్పుడు నా తిరుగుడు చూసి మా ఆవిడ అదే మాట అంటోంది.

మనుషుల్ని సామాను లెక్కన చూసేవాడు. పక్క టైల్సు కొట్టు యజమాని రోజూ సాయంత్రం మా షెడ్డు ముందు నిలబడి, కళ్ళతోనే స్థలం కొలిచి పోయేవాడు. ఆయన మీద మేస్త్రీ తీర్పు: "ఆ బాబు ముక్కాలి పీట. తిన్నగానే ఉంటాడు. ఆనుకున్నామా, పడదోస్తాడు." టీ తెచ్చే అప్పాయమ్మ మడత కుర్చీ, ఎక్కడైనా ఇముడుతుంది. నన్నేమంటావని ఒకసారి అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"మీరు ద్వారబంధం బాబూ. అందరూ మీలోంచి ఎల్లిపోతారు. మీరక్కడే నిలబడుంటారు."

ఆయన వంతు ఏమిటో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

బల్ల సంగతికి వస్తాను. రాజాంలో గోగునార వ్యాపారం చేసే ఒక షావుకారు కళింగపట్నం దగ్గర కొబ్బరితోట కొని, సముద్రం వైపు ఇల్లు కట్టుకున్నాడు. తోటలో అద్దెకిచ్చే గదులు ఇరవై కట్టించాడు. ఇంటి వెనక రాళ్ళు పరిచిన జాగా ఉంది. దాన్ని ఆయన పేటియో అనేవాడు. మేస్త్రీ సప్టా అనేవాడు. ఆ జాగాలోకి ఎండకూ వానకూ సముద్రపు గాలికీ తట్టుకునే కర్రబల్ల ఒకటి కావాలని మా షెడ్డుకు వచ్చాడు.

"ముందు ఒకటి సేసియ్యండి బాబుగారూ. దానిమీద కూకుంటే లేవబుద్ధి కాకూడదు. నచ్చిందా, గదికి రెండు లెక్కన నలబై మీకే. నచ్చకపోతే విశాకపట్నం నుంచి ఇనప కుర్సీలు దించుకుంటాను."

నలభై బల్లలంటే మాకు రెండేళ్ళ పని. ఆ ఏడాది తలుపుల పని చాలావరకు ప్లాస్టిక్ తలుపులవాళ్ళు పట్టుకుపోయారు. మోటారు నెలలో పది రోజులు కూడా తిరగడం లేదు. ఆ నలభై రాకపోతే షెడ్డు నిలవదని నాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు, రోజూ వచ్చి నిలబడే టైల్సు కొట్టాయనకూ తెలుసు.

మేస్త్రీ కూర్చునే సామాను చేయడానికి టేపు పట్టేవాడు కాదు. షెడ్డు వెనక నాగావళి ఇసుక ఒక కుప్ప ఉండేది. దాన్ని తడిపి, చేత్తో దిమ్మలాగా తట్టి, వెనక వాలు లేపి, చేయించుకునే మనిషిని దాని మీద కూర్చోమనేవాడు. లేచాక ఆ గుంటలో సన్నటి వెదురుబద్ద పెట్టి వంచి, ఆ వంపు పలక మీద గీసుకునేవాడు. "టేపు పొడుగు సెప్తాది. అలుపు సెప్పదు" అనేవాడు. ఎంత పెద్ద మనిషి వచ్చినా ఇసుకలో కూర్చోవలసిందే. నవ్వుకుంటూ కూర్చునేవాళ్ళు, బట్టలు దులుపుకుంటూ లేచేవాళ్ళు.

షావుకారు కూర్చోలేదు. చెవి దగ్గర ఫోను, బయట కారు.

"నాకెక్కడ అవుతాది మేస్త్రీ? బాబుగారూ నాను ఒకటే పొడుగు. ఆరినే కూకోబెట్టు" అని వెళ్ళిపోయాడు.

అలా నేను కూర్చున్నాను. మా ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే. మోకాళ్ళ మీద చేతులు, వీపు నిటారుగా.

"నడుం ఒదులు సెయ్యండి బాబూ."

"వదులుగానే ఉంది."

"ఏటి ఒదులు? ఇసక మీద కూకున్నారా, పెద్దలకి దండం పెట్టడానికి కూకున్నారా?"

"కొలత తియ్యి మేస్త్రీ."

ఆయన నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నన్ను లేవమన్నాడు. బద్ద పెట్టి వంచాడు. వంపు అంతగా లేదు.

బల్ల తయారైంది. చూసి నేను పొంగిపోయాను. ఆరడుగుల పొడుగు. వెనక కాళ్ళూ వీపు నిలువులూ ఒకే దుంగలో కోసినవి. వానకు నీరు నిలవకుండా కూర్చునే పలకల మధ్య వేలు దూరేంత సందు ఇచ్చాడు. ఒక్క ఇనుప ముక్క లేదు. దాని మీద కూర్చుంటే మా తాతగారు వేలంపాటకు కూర్చున్నట్టు అనిపించింది. "బాగా కుదిరింది మేస్త్రీ" అన్నాను.  ఆయన పలకల సందులో వేలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతూ ఉండిపోయాడు.

వ్యానులో వేసుకుని తోటకు తీసుకెళ్ళాం. షావుకారు కూర్చున్నాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు. వెనక్కి వాలబోయి, వాలడానికి చోటు లేక మళ్ళీ ముందుకు వచ్చాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటండీ, బళ్ళో పంతులు గోడకుర్సీ ఏయించినట్టు కూకున్నారు?" అంది.

తోటపనివాళ్ళు నవ్వారు. షావుకారూ నవ్వాడు గాని, లేచి నడుం పట్టుకున్నాడు.

"పని సూస్తే దేవుడి పీట లాగున్నాది బాబుగారూ. అబద్దం సెప్పకూడదు. గాని నాను మనిసిని. రోజంతా కొట్లో కూకుని నడుం ఇరిగి ఇక్కడికొస్తాను. ఇక్కడ కూడా ఇలా కూకోవాలేటి?"

 మేస్త్రీ ముందుకు వచ్చాడు.

"కొలత నాది బాబూ. తప్పు నాదే. నాలుగ్రోజులు టయిమియ్యండి."

"నాను రేపు కలకత్తా ఎల్తన్నాను. ఆదివారం వస్తాను. ఆదివారం సూద్దాం" అన్నాడు షావుకారు.

ఇనుప మేకులు కొట్టి ఉంటే ఆ బల్ల కట్టెలకే. చీలలు కాబట్టి షెడ్డుకు తెచ్చిన అరగంటలో మేస్త్రీ దాన్ని ముక్క ముక్కగా విప్పి వరసగా పేర్చాడు. కూర్చునే పలకలు పనికొస్తాయి. వీపు నిలువులూ పక్క బద్దలూ కొత్తగా కోయాలి. ఆ కోతకు కొలత కావాలి. ఆయన ఇసుక తడిపాడు. వెనక వాలు కొంచెం దించాడు.

"రండి బాబూ. ఈసారి మద్దిన్నం బోంచేసి పడతారే, అలాగ."

షెడ్డులో అప్పుడు దుంగలు దించడానికి వచ్చిన కూలీలు నలుగురున్నారు. అప్పాయమ్మ గ్లాసులు ఏరుకుంటోంది. గేటు దగ్గర టైల్సు కొట్టాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బల్ల వెనక్కి వచ్చిందని ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

"ఏటండీ బాబుగారూ, తిరుగు టపాలో వచ్చేసిందేటి?" అన్నాడు.

నేను ఇసుక వైపు చూశాను. దాని మీద కాళ్ళు చాపి, నడుం జారవేసి, వెనక్కి పడిపోయినట్టు కూర్చోవాలి. గేటు దగ్గర మనిషి అది చూడాలి. రేపో మాపో ఈ స్థలం తనదే అనుకుంటున్న మనిషి.

"ఇంకెవరినైనా కూర్చోబెట్టు" అన్నాను.

"యీళ్ళా? ఒక్కడూ మీ బుజం కాడికి రాడు. మూటలు మోసి మోసి ఈపులు ఒంగిపోనాయి. యీళ్ళ కొలత షావుకారుకి అతకదు. కూకోండి బాబూ. సిటికెలో అయిపోద్ది."

"మా ఇంట్లో ఎవరూ అలా కూర్చోరు మేస్త్రీ."

"ఇంట్లో కూకోమన్లేదు. ఇసకలో కూకోమంతన్నాను."

"నేను కూర్చోను."

అంతవరకూ ఆయన నా మీద గొంతు లేపింది లేదు. ఆ రోజూ లేపలేదు. చేతిలో వెదురుబద్దను రెండు కొసలా పట్టుకుని విల్లులా వంచి, నాకు చూపించాడు.

"కర్రకి ఆవిరి పడితే ఒంగుతాది బాబూ. మీకేటి పట్టాలో నాకు తెలీదు."

నేను రంపం మోటారు దాకా వెళ్ళి, ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాను. వెనక ఇసుక తట్టిన చప్పుడు వచ్చింది. తరవాత అప్పాయమ్మ గొంతు.

"ఓలమ్మా, నువ్వు కూకుంతన్నావేటి మేస్త్రీ? వొద్దు, వొద్దు. అలాగ కూకోకూడదు."

తిరిగి చూశాను. ఆయన తలగుడ్డ విప్పి ఇసుక మీద పరుస్తున్నాడు. పొడుగులో ఆయన నాకు తీసిపోడు.

అప్పాయమ్మ ఎందుకు వద్దందో నాకు తెలుసు. వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. వడ్రంగి తన ఒంటికి కొలత తీయించుకోడు. తన మంచం కూడా పాతదేదో కొనుక్కుంటాడు, లేదా ఇంకొకరి కొలతకు చేసినది వాడుకుంటాడు. వడ్రంగి ఒంటికి కొలత తీసేది పాడె కట్టడానికే అంటారు. నలభై ఏళ్ళలో ఆయన ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో. పనికి కొత్తగా చేరినవాళ్ళకు మొదట చెప్పే మాట అదే.

ఆయన కూర్చున్నాడు. కూర్చుని కిందికి జారాడు. ఎడమకాలు చాపి, కుడికాలు మడిచాడు. ఒక చేయి పక్కకు వదిలేశాడు. తల వెనక్కి వాలింది. కళ్ళు మూసుకున్నాడు. రోడ్డు మీద పాలకొండ బస్సు హారను కొడుతూ వచ్చి వెళ్ళిపోయేంతసేపు అలా ఉన్నాడు. ఎప్పుడూ తిరుగుతూ ఉండే మనిషిని కదలకుండా చూడడం నాకదే మొదటిసారి. మెడ కింద చర్మం వదులైంది. గడ్డం తెల్లబడింది. ఇంత పెద్దవాడైపోయాడని నేను ఎప్పుడూ గమనించలేదు.

కళ్ళు తెరవకుండానే, "అబ్బ" అన్నాడు. తరవాత, "నాను లేస్తాను. గుంట సెదిరిపోకుండా మీరు బద్ద పట్టండి బాబూ. నా సేత్తో నాను తియ్యకూడదు" అన్నాడు.

అది కూడా కాదంటే ఇక నేనేమిటి? వెళ్ళాను. మోకరించలేదు, నడుం దగ్గర వంగాను. ఆయన లేచిన గుంటలో బద్ద పెట్టి నెమ్మదిగా ఒత్తాను. ఇసుక ఇంకా వెచ్చగా ఉంది.

"బద్ద జారతాది బాబూ. గట్టిగా పట్టండి. అదిగో, నడుం కాడ ఇంకొంచెం. ఆఁ, ఉంచండి."

గేటు దగ్గర టైల్సు కొట్టాయన కట్టుకున్న చేతులు విప్పుకుని వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నానికి బల్ల నిలబడింది. ఆదివారం షావుకారు దాని మీద కూర్చున్నాడు. జారాడు. ఒక కాలు మడిచాడు.  మేం నిలబడి చూస్తుండగానే చెప్పు ఒకటి కాలి నుంచి ఊడి కింద పడింది. గురక మొదలైంది.

"ఇప్పుడీయన్ని లేపేదెవులు?" అంది ఆయన భార్య. "మేస్త్రీ, నీకు నలబై కాదు, నలబయ్యొక్కటి సెప్తన్నాను. ఆ ఒకటీ నాకు. యీయన దీన్ని ఒదల్డు."

వ్యానులో తిరిగి వస్తుంటే మేస్త్రీ చాలా మాట్లాడాడు. టేకు ఎక్కడ దొరుకుతుందో, చీలలకు తుమ్మ ఎంత కావాలో. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఒక మాట చెప్పాలనుకున్నాను. శ్రీకాకుళం దాటాక చెబుదామనుకున్నాను. చిలకపాలెం దాటాక చెబుదామనుకున్నాను. రాజాం వచ్చేసింది.

పదకొండు బల్లలు చేశాడు. పన్నెండోదానికి నిలువులు కోసి పెట్టి, మనవరాలి చెవులు కుట్టిస్తున్నారని నౌపడ వెళ్ళాడు. మూడో రోజు కూతురు ఫోను చేసింది. మధ్యాహ్నం భోజనం చేసి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడట. లేపితే లేవలేదు.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. దారి పొడుగునా ఉప్పుమళ్ళు ఎండకు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. కూతురు నాకు కుర్చీ వేసింది. నేను నిలబడే మాట్లాడాను. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడంది. ముందునుంచీ ఉన్న జబ్బేనట. మాకు ఎవరికీ చెప్పలేదు.

"మీ గురించి సెప్పి ఒకటే నవ్వీవోడు బాబూ" అంది. "నా కొలత బాబుగోరు సొయంగా తీసినారు, ఆరి సేత్తో, అని. సముద్రం ఒడ్డున షావుకార్లందరూ ఇంక నా ఒళ్ళోనే కూకుంతారే అమ్మీ అని. ఎంత సంబరపడిపోనాడో."

ఆ కొలత నేను ఎందుకు తీయవలసి వచ్చిందో ఆమెకు ఆయన చెప్పినట్టు లేదు. నేను చెప్పాలి. నోరు తెరిచాను. ఎవరో వచ్చి పందిరి గుంజల సంగతి ఆమెను అడిగారు. ఆమె అటు తిరిగింది. నేను రైలు టైమైందని చెప్పి వచ్చేశాను. రైలుకు ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటలూ నౌపడ ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను.

కొలత తీస్తే మనిషి పోతాడని నేను నమ్మను. డాక్టరు చెప్పిందే నమ్ముతాను. కాని ఆయన నమ్మేవాడు. నమ్ముతూనే తలగుడ్డ పరిచి కూర్చున్నాడు. నేను ఏ పట్టింపు మీద నిలబడి కాదన్నానో అది నాకు ఇప్పటికీ గౌరవమైనదే. మా పెద్దలను నేను తక్కువ చేయను. అయితే ఆ రోజు షెడ్డులో ఇద్దరికీ చెరొక పట్టింపు ఉంది. ఒకరు వదులుకున్నారు. అది నేను కాదు. దీనికి ఎటునుంచి జవాబు చెప్పుకోబోయినా కాలు ఒకచోట నిలవడం లేదు.

మిగిలిన బల్లల కోసం బొబ్బిలి నుంచి ఇద్దరిని, పార్వతీపురం నుంచి ఒకరిని తెచ్చాను. మంచి పనివాళ్ళే. చీలల పని వాళ్ళకు రాదు. మేస్త్రీ చీల ఒకటి చేతికిస్తే, ఒకతను దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీనికి మిషనుంటాదేటండీ?" అన్నాడు. స్క్రూలు బిగించి తొమ్మిది బల్లలు చేశారు. ఒక్క వానాకాలానికి స్క్రూల చుట్టూ నల్లటి మరకలు దిగి, అతుకులు కదిలాయి. షావుకారు కబురు పెట్టి, నన్ను తోటకు పిలిపించి, కాఫీ ఇప్పించి, మర్యాదగానే చెప్పాడు.

"మీమీద నాకు కోపం లేదు బాబుగారూ. మేస్త్రీ సేసినయి ఉంచుకుంటాను. ఇయి పట్టుకెల్లిపోండి. ఇంక వొద్దు."

కార్తీకంలో షెడ్డు, షెడ్డు కింద ఉన్న ఇరవై సెంట్ల స్థలం, రంపం మోటారు, చిత్రిక యంత్రం, కోయకుండా మిగిలిన టేకు దుంగలు ఏడు, అన్నీ కలిపి పక్క టైల్సు కొట్టాయనకు అమ్మేశాను.